వైట్ రిమ్‌కి బయలుదేరే ముందు ఇది చదువు

చిట్టితల్లీ,

అక్టోబర్‌లో నువ్వు అమెరికాలో యూటా రాష్ట్రంలోని వైట్ రిమ్ అనే లోయ అంచు మట్టిరోడ్డు మీద నాలుగు రోజులు సైకిల్ తొక్కబోతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వింటున్నంతసేపూ గర్వంగానే ఉంది. పడుకున్నాక భయం పట్టుకుంది. నిద్ర రాక లేచి ఇది రాస్తున్నాను.

గైడ్‌లతో వెళ్తున్నావు కాబట్టి పార్కు పర్మిట్, క్యాంపులు, వంట వాళ్లే చూసుకుంటారు. సీటు నొప్పి అలవాటయ్యేలా ఇప్పటినుంచే వారానికి రెండుసార్లు గంటల తరబడి తొక్కు. రాత్రి చలేస్తుంది, స్వెటర్ మరిచిపోకు. ఆ దారికి దగ్గరి ఊరైన మోయాబ్ చుట్టుపక్కల మన పల్లేరు కాయలే ఉంటాయి. చిన్నప్పుడు అనంతపురంలో నేనూ మీ నాన్నా పంక్చర్ షాపు దగ్గర గంటలు గంటలు కూర్చున్నది వాటి పుణ్యమే. టైర్లలో పంక్చర్లు పూడ్చే ద్రవం, సీలెంట్ పోయించు. దారి పక్కన నల్లగా, పొక్కులు పొక్కులుగా ఉండే మట్టిని తొక్కకు. అది ప్రాణమున్న మట్టి, ఒకసారి చితికితే కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇక నీళ్లు. ఆ 160 కిలోమీటర్లలో తాగే నీళ్లు ఎక్కడా దొరకవు. అన్నీ వెనకాల వచ్చే ట్రక్కులోనే.

నేను వెళ్లినప్పుడు నాకు 43 ఏళ్లు. ఆఫీసువాళ్లు ఎనిమిదిమంది, అందులో మనవాణ్ణి నేనొక్కణ్ణే. మొదటి రోజు షేఫర్ మలుపులు దిగుతుంటే గాల్లో తేలినట్టుంది. రెండోరోజు మధ్యాహ్నం మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే ఎక్కుడు వచ్చింది. చెమట పట్టడం లేదు కదా, బాగానే ఉన్నాననుకున్నాను. అక్కడి పొడిగాలికి చెమట పుట్టిన చోటే ఆరిపోతుందని నాకప్పుడు తెలియదు. వీపు సంచిలో నీళ్లున్నా, ముందు ముందు కావాలని గుటకలు లెక్కపెట్టుకున్నాను. గైడ్ రెండుసార్లు అడిగాడు, బాగున్నావా అని. రెండుసార్లూ బొటనవేలు ఎత్తి చూపించాను. ట్రక్కు నా వెనకే ఉంది, అందులో సీటు ఖాళీగా ఉంది. అందరికంటే వెనకబడ్డవాణ్ణి, బండి కూడా ఎక్కితే ఏమనుకుంటారోనని దిగి సైకిల్ నెట్టడం మొదలుపెట్టాను. ఆ ఎండలో ఒళ్లు గగుర్పొడిచింది, చేతులు వణికాయి. తర్వాత గుర్తున్నది ట్రక్కు నీడలో పడుకుని ఉండటం, తల మీద ఎవరో నీళ్లు పోస్తుండటం. నేను లోయవైపు పడలేదు, కొండవైపు పడ్డాను. అందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

మీ పెద్దమ్మ డబ్బాలో కట్టిచ్చిన ఉప్పు మరమరాలు నా సంచిలో అలాగే ఉండిపోయాయి. వాటిని మూత కూడా తీయకుండా ఇంటికి తెచ్చాను. ఎందుకు తినలేదని ఆవిడ అడిగితే ఆకలి వేయలేదన్నాను. నిజం చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది.

నీకూ నా మొండితనమే వచ్చింది. పదో తరగతిలో జ్వరంతో పరీక్ష రాసి ఇంటికొచ్చి పడిపోయిన పిల్లవి నువ్వు. అప్పుడు నిన్ను మెచ్చుకున్నాం. మెచ్చుకోకుండా ఉండాల్సింది. తల బరువుగా ఉన్నా, చలిగా అనిపించినా, ఒంటేలు ముదురు రంగులో వచ్చినా వెంటనే గైడ్‌కి చెప్పు. దాహం వేయకముందే తాగు, నీళ్లతోపాటు ఉప్పగా ఏదైనా తిను. ట్రక్కు ఎక్కమంటే ఎక్కు తల్లీ. దానిక్కూడా కలిపే డబ్బు కట్టావు.

మర్ఫీ పైనే క్యాంపు ఉంటుంది. అక్కడినుంచి పొద్దు గుంకడం చూడాలని నాకెంత ఆశగా ఉండేదో. ఆ సాయంత్రం కళ్లు మూసుకుని పడుకున్నాను. నువ్వు తొక్కుకుంటూ చేరినా, బండిలో చేరినా సరే, నాకో ఫోటో తీసి పెట్టు. అక్కడ సిగ్నల్ ఉంటుందని నమ్మకం పెట్టుకోకు, ఊళ్లోకి వచ్చాకే పంపు.

మీ పెదనాన్న