మార్కులొస్తున్నా "లెక్కలు రావు" అంటున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ ఎనభైకి తగ్గదు. అయినా "నాకు లెక్కలు రావు, పై తరగతుల్లో తీసుకోను" అంటోంది. ఇంట్లో పెద్దవాళ్లు "ఆడపిల్లకి అవెందుకులే" అంటున్నారు. బలవంతం చేయాలా, వదిలేయాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, రెండూ వద్దు. పాపకి నిజంగానే రావట్లేదా, భయపడుతోందా అన్నది ముందు తేల్చుకోండి. మార్కులు చూస్తే నాకు భయమే అనిపిస్తోంది.

ఒకసారి తన రఫ్ నోట్సు తీసి చూడండి. సరైన స్టెప్పే వేసి, అనుమానమొచ్చి కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన లెక్కలు కనిపిస్తే పాపకి సబ్జెక్టు వచ్చు, తన మీద తనకే నమ్మకం లేదు. సబ్జెక్టు రాని పిల్లల నోట్సు వేరేగా ఉంటుంది, ఒకే రకం తప్పు పేజీ పేజీకీ కనిపిస్తుంది. వాళ్లకి ట్యూషన్ పెట్టించండి అంటాను. భయపడే పిల్లకి ట్యూషన్ పెడితే "నాకు రాదనే కదా పెట్టారు" అనుకుంటుంది. కొట్టేసిన ఆ స్టెప్పు మీద వేలు పెట్టి, "ఇది సరిగ్గానే చేశావు, ఎందుకు కొట్టేశావు?" అని అడగండి.

పెద్దవాళ్ల మాటకొస్తే, పదిహేనేళ్ల పిల్లలకి చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల సగటున అబ్బాయిలు లెక్కల్లో 9 పాయింట్లు ముందున్న మాట నిజమే. కానీ పరీక్ష రాసిన 81 దేశాలు, ప్రాంతాల్లో 17 చోట్ల అమ్మాయిలే ముందున్నారు. పుట్టుకే కారణమైతే ఇలా చోటుకో రకంగా ఉండదు కదా! వస్తువుని మనసులోనే తిప్పి చూసే నైపుణ్యంలో మాత్రం సగటున అబ్బాయిలది పైచేయి. అదీ సాధనతో వచ్చేదే. అమెరికాలో షెరిల్ సోర్బీ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అందుకోసమే ప్రత్యేకంగా ఒక కోర్సు తయారుచేశారు. త్రీడీ బొమ్మలు గీయడం, ఒక ఆకారాన్ని వేర్వేరు వైపుల నుంచి ఊహించడం మీ పాప ఇంట్లోనూ చేయొచ్చు.

మీకూ ఒక మాట, ఏమీ అనుకోకండి. "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు" అని ఓదార్పుగా కూడా పాప ముందు అనకండి. సయన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒకటి, రెండు తరగతుల్లో లెక్కలంటే భయపడే టీచరమ్మల దగ్గర ఏడాది చదివాక అమ్మాయిలే వెనకబడ్డారు, అబ్బాయిలకి ఆ తేడా రాలేదు. ఆ వయసులో ఆడపిల్లలు తమలాంటి పెద్దవాళ్లని చూసే నేర్చుకుంటారు.

ఇప్పుడే లెక్కలు వదిలేస్తే ఇంజినీరింగ్ ఒక్కటే కాదు, స్టాటిస్టిక్స్, ఆర్కిటెక్చర్, ఎకనామిక్స్ లాంటివీ కష్టమైపోతాయి. తర్వాత మనసు మారినా వెనక్కి రావడం చాలా కష్టం. అందుకే పదో తరగతి తర్వాతి రెండేళ్లూ లెక్కలు ఉంచండి. ఆ తర్వాత సాహిత్యమో, న్యాయశాస్త్రమో ఇష్టపడి ఎంచుకుంటే సంతోషంగా ఒప్పుకోండి, అది ఓటమి కాదు. ఏం చదువుతావన్న ప్రశ్న మాత్రం పరీక్ష ముందు రాత్రి అడగొద్దు, సెలవుల్లో అడగండి.