అక్క పురుడు, మా బుడ్డోడి ప్రయాణం

ప్రశ్న: మా అక్క డాలస్‌లో ఉంటోంది. ఆగస్టు చివర్లో పురుడు. 22 నెలల మా బాబుని తీసుకుని రెండున్నర నెలలు వెళ్దామనుకుంటున్నాను. వేటికి జాగ్రత్తపడాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు టికెట్ సంగతి. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతే. కానీ మీవాడికి అక్కడే రెండేళ్లు నిండుతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. బుక్ చేసేటప్పుడే అడగండి, చివర్లో కొంటే జేబుకి చిల్లే. ఉయ్యాల మీద ఆశ పెట్టుకోకండి: చాలా విమానాల్లో 10, 11 కిలోలు దాటితే ఇవ్వరు. బాబుకి విడిగా పాస్‌పోర్టు, వీసా ఉండాలి. ఎయిర్‌పోర్టుకి వచ్చే కారులోనే పిల్లల సీటు బిగించి ఉంచమని బావగారికి చెప్పండి. అక్కడ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

అసలు జాగ్రత్త కోరింత దగ్గుతో. పుట్టిన బిడ్డకి దాని టీకా మొదటి డోసు పడేది సుమారు రెండో నెలలో. అందాకా చుట్టూ ఉన్నవాళ్లే కాపు. బిడ్డని ఎత్తుకునే పెద్దలంతా టీడాప్ (కోరింత దగ్గుకి పెద్దలు వేయించుకునే టీకా) కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి. బాబుకి 15 నెలల ఎం.ఎం.ఆర్. (తట్టు, గవదలు, రుబెల్లా టీకా), ఆ తర్వాతి డి.పి.టి. (కోరింత దగ్గుకి పిల్లల టీకా) బూస్టర్ పడ్డాయో లేదో కార్డులో చూడండి.

విమానంలో అంటుకున్న జలుబు దిగాక రెండు మూడు రోజులకి బయటపడుతుంది. అందుకే పురుడుకి రెండు వారాల ముందే చేరండి. ముక్కు కారుతుంటే వాణ్ని వేరే గదిలో పడుకోబెట్టండి. ముద్దులు మాన్పించడం కష్టం, పాదాలు ముట్టుకోనిస్తే చాలు.

పెద్దవాళ్లు ఎంత చెప్పినా, ఏడాది నిండేదాకా బిడ్డకి తేనె నాకించొద్దు.