తిరుపతిలో ఉంటూనే కంపెనీ లావాదేవీల పని

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కంపెనీల కొనుగోళ్లు, పెట్టుబడి ఒప్పందాలు చూసే లాయరు పని ముంబై, ఢిల్లీ, బెంగళూరు పెద్ద ఆఫీసుల్లో తప్ప దొరకదని మీ స్నేహితులు అంటున్నారని రాశావు. అందులో సగమే నిజం. వందల కోట్ల విలీన ఒప్పందాన్ని తిరుపతిలో ఎవరూ రాయించరు. కానీ ఆ ఒప్పందం దేని గురించో ఆ భూమి, ఫ్యాక్టరీ, లైసెన్సులు, బ్యాంకు తాకట్టు ఇక్కడే ఉంటాయి. వాటి కాగితాలు తప్పు లేకుండా చదివే మనిషి కోసం వాళ్లే వెతుక్కుంటారు. నువ్వు లోపలికి వెళ్లాల్సిన దారి అదే. డ్రాఫ్టింగ్, అంటే ఒప్పందాలు రాయడం, ఆ తర్వాత వస్తుంది.

పని ఎక్కడుందో ముందు చూడు. శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఇసుజు, డైకిన్, మాండెలెజ్ లాంటివి ఉన్నాయి. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు, కరకంబాడిలో అమరరాజా, చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి. పెద్ద కంపెనీల అసలు ఒప్పందాలు వాళ్ల హెడ్డాఫీసు లాయర్లే చూసుకుంటారు. నీకు అందేది వాళ్లకు విడిభాగాలు, ప్యాకింగ్, లారీలు సమకూర్చే చిన్న కంపెనీల పని. ఒక భాగస్వామి తప్పుకుంటాడు, ఇంకొకరు డబ్బు పెట్టి చేరతారు, షెడ్డు లీజుకు తీసుకుంటారు, బ్యాంకు లోను పెంచుకుంటారు. వీళ్లు నేరుగా లాయరు దగ్గరికి రారు, ఆడిటర్ దగ్గరికి పోతారు. అందుకే కోర్టు ఆవరణ కన్నా సీఏల, కంపెనీ సెక్రటరీల ఆఫీసులే నీకు ముఖ్యం. తిరుపతిలో సీఏల సంఘం బ్రాంచి ఉంది, అక్కడ జరిగే సమావేశాలకు వెళ్లు. ప్రకటనలు ఇవ్వడం, పని అడుక్కోవడం బార్ కౌన్సిల్ 36వ రూల్ ప్రకారం కుదరదు కాబట్టి, నీ గురించి ఇంకొకరు చెప్పేలా పని చేయడం ఒక్కటే మార్గం.

వాళ్లకు నువ్వు ఏం చేసిపెట్టగలవు? మొదటిది కంపెనీ రికార్డుల సెర్చ్. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్లో కంపెనీకి వంద రూపాయలు కడితే, దాఖలైన వాటిలో అందరికీ తెరిచి ఉంచిన పత్రాలు చూడొచ్చు. షేర్ల కేటాయింపు ఫారాలను మొదటి నుంచి వరసగా కూడి, ఇప్పటి వాటాదార్ల జాబితాతో సరిపోతుందో లేదో పట్టిక వెయ్యి. సరిపోని కంపెనీలు చాలానే కనబడతాయి. తర్వాత తాకట్లు. లోను ఎప్పుడో తీరిపోయినా సీహెచ్‌జీ-4 (తాకట్టు తీరిందని తెలిపే ఫారం) వెయ్యక రికార్డులో తాకట్టు అలాగే నిలిచిపోతుంది. దానికి గడువు 30 రోజులు, అదనపు ఫీజుతో 300 రోజులు. అదీ దాటితే ఆ శాఖ రీజినల్ డైరెక్టర్ దాకా పోవాలి. కొనేవాడి బ్యాంకు సరిగ్గా అక్కడే ఆగిపోతుంది.

షేర్ల బదిలీలో జాగ్రత్త. కాగితపు షేర్లయితే బదిలీ ఫారం ఎస్‌హెచ్-4 సంతకమైన 60 రోజుల్లోపు కంపెనీకి చేరాలి. 2020 జులై 1 నుంచి స్టాంపు డ్యూటీ 0.015 శాతం, అంటే రెండు కోట్ల ధరకు మూడు వేలు. పాత 0.25 శాతం లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, వినకు. కంపెనీల చట్టంలో మూలధనం, టర్నోవరు బట్టి ఇచ్చిన ‘చిన్న కంపెనీ’ నిర్వచనంలోకి రాని ప్రైవేటు కంపెనీలకు ఇప్పుడు డీమ్యాట్ (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచడం) తప్పదు. ఇంకో కంపెనీకి సబ్సిడియరీ (దాని అదుపులో ఉండే కంపెనీ) అయితే ఎంత చిన్నదైనా ‘చిన్న కంపెనీ’ కింద లెక్కకు రాదు. శ్రీసిటీ చుట్టుపక్కల సబ్సిడియరీలు ఎక్కువ కాబట్టి ఇది అక్కడ తరచూ ఎదురవుతుంది. విదేశీ డబ్బు వచ్చి షేర్లు కేటాయిస్తే, 30 రోజుల్లో బ్యాంకు ద్వారా ఆ సంగతి రిజర్వ్ బ్యాంకుకు తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వెయ్యాలి. పాతవి వేశారో లేదో కూడా అడుగు.

ఇక భూమి. బయటివాళ్లు నీకు డబ్బిచ్చేది దీనికే, కాబట్టి ఎక్కువ కష్టం ఇక్కడ పెట్టు. ఆన్‌లైన్ ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఈసీలో వీలునామాలు, రిజిస్టర్ కాని కుటుంబ పంపకాలు, కోర్టు దావాలు కనబడవు. వాటికోసం విడిగా అడగాలి. టైటిల్ డీడ్లు (హక్కు పత్రాలు) బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పులకు సెర్సాయ్ (తాకట్ల కేంద్ర రిజిస్ట్రీ) కూడా చూడు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిపోర్టు ఇచ్చే రోజే మళ్లీ చూసుకో. తిరుపతి పరిసరాల్లో దేవాదాయ, మఠం భూములు ఎక్కువ. పల్లెల్లో డీకేటీ పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, ఎక్కువ. వాటి అమ్మకాన్ని నిషేధించిన 1977 అసైన్డ్ చట్టానికి తర్వాత వచ్చిన సవరణల మాట ఎవరు ఎలా చెప్పినా, కాగితం చూడకుండా నమ్మకు.

శ్రీసిటీ ఉండే సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారినప్పుడు చెంగల్పట్టు జిల్లా నుంచి మనకు వచ్చింది. అంతకుముందటి లింకు డాక్యుమెంట్లు (పాత హక్కుదార్ల దస్తావేజులు) తమిళంలో ఉండొచ్చు, రికార్డులు అటువైపు ఆఫీసుల్లో ఉండొచ్చు. నీకు తమిళం చదవడం వచ్చు కదా, ఆ సంగతి చెన్నై లాయర్ల ఆఫీసులకు రాసే ఉత్తరంలో మొదటి వాక్యంలోనే పెట్టు.

గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి అమ్మకానికి వచ్చిందనుకో. యంత్రాలు, షెడ్డు, కోల్డ్ స్టోరేజీ కంపెనీవి. కింద భూమి మాత్రం తండ్రి పేరుమీద ఉంటుంది, మధ్యలో లీజు ఉండదు, లేకుంటే పదేళ్ల లీజు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రిజిస్టర్ కాకుండా ఉంటుంది. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. తండ్రి పోతే వారసులందరి సంతకాలు కావాలి, ఒక కూతురు అమెరికాలో ఉంటుంది. కాబట్టి ఒప్పందంలో, డబ్బు చేతులు మారకముందే భూమిని కంపెనీకి అమ్మించడమో, రిజిస్టర్డ్ లీజు రాయించడమో ముందు షరతుగా పెట్టు. షేర్లు కొంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు కంపెనీ పేరునే కొనసాగుతుంది. ఆస్తులు మాత్రమే కొంటే కొత్తది తీసుకోవాలి. మామిడి సీజన్ మేలో మొదలవుతుంది కాబట్టి, ఏప్రిల్‌లో మొదలుపెట్టిన కొనుగోలు ఆ ఏడాది పంటకు అందదు.

చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆఫీసులకు రాసేటప్పుడు మీ సంస్థలో అవకాశం ఇవ్వండి అని రాయకు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో టైటిల్, కంపెనీ రికార్డుల సెర్చ్ ఇన్ని పనిదినాల్లో చేసిస్తాను, నమూనా రిపోర్టు జతచేశాను అని రాయి. రిపోర్టు రెండు పేజీలు దాటనివ్వకు. మొదటి పేరాలోనే అడ్డంకులేమిటో, వాటిని ఎవరు ఎప్పటికి సరిచేయాలో ఉండాలి.

ఫ్యాక్టరీలో లీగల్ ఉద్యోగం వస్తే తీసుకోవచ్చు. సప్లై అగ్రిమెంట్లు రోజూ చేతికొస్తాయి. కాకపోతే పూర్తికాలపు జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడం బార్ కౌన్సిల్ 49వ రూల్ ఒప్పుకోదు. చేరిన వెంటనే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి సనదు (లాయరు ప్రాక్టీసు లైసెన్సు) ఆపి ఉంచు. మానేశాక తిరిగి తెరిపించుకోవచ్చు.

ఈ నెలలో నీకు తెలిసిన ఆడిటర్‌ను అడిగి ఒక కంపెనీ సెర్చ్, ఒక సర్వే నంబరు టైటిల్ చేసి రిపోర్టు రాయి. పార్టీల పేర్లు కొట్టేసి నాకు పంపు, బయటికి పోకముందే ఒకసారి చదివి పెడతాను.

మీ పెదనాన్న