ఇంటర్ తర్వాత క్రిమినల్ జస్టిస్ చదివితే విశాఖలో ఏ ఉద్యోగం వస్తుంది?

బైపీసీతో ఇంటర్ అయిన మీ తమ్ముడు క్రిమినల్ జస్టిస్ చదివితే పోలీసు, కోర్టు కొలువులకు అక్కరకొస్తుందా అని అడిగారు. ఆ డిగ్రీ ఉంటేనే ఇస్తామనే ప్రభుత్వ ఉద్యోగం మన దగ్గర దాదాపు లేదండీ. అందుకే ముందు ఉద్యోగం తేల్చుకుని, కోర్సు తర్వాత చూడండి.

ఎస్సైకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. అక్కడ చాలామందిని వెనక్కి పంపేది అరిథ్‌మెటిక్, పరుగు. ఫోరెన్సిక్ ల్యాబ్ అయితే బైపీసీ కలిసొస్తుంది: కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చేసి, పీజీలో ఫోరెన్సిక్‌కి మళ్లడం మేలు. ప్రాసిక్యూటర్, జడ్జి కావాలంటే లా తప్పదు. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీలో ఐదేళ్ల లా కోర్సుకి జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లూ సంపాదన అంతంతమాత్రమే, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఏ దారైనా చట్టాలు రెండు జతలు చదవాలి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ పాత శిక్షాస్మృతి ఐపీసీయే, తర్వాతి వాటికి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత). హత్య 302 కాస్తా 103 అయింది, మోసం 420 కాస్తా 318(4). కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది కాబట్టి, ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి, రిమాండ్ 167 నుంచి 187కి మారాయి. సెకండ్‌హ్యాండ్ పాత గైడ్లు కొనేవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే.

ఇంకా లోతుగా చదవాల్సింది ఎలక్ట్రానిక్ సాక్ష్యం. కొత్త సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: పార్ట్-ఎ ఫైలు ఇచ్చినవాళ్లు, పార్ట్-బి నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్రలాంటి కోడ్, రాయాలి. సీసీటీవీ క్లిప్పుని వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోయి హ్యాష్ మారిపోతుంది. డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది అదే. మొదటి ఏడాదిలోనే ఫోన్లో ఒక వీడియో తీసి, పంపకముందూ పంపాకా హ్యాష్ చూసుకోమనండి, విషయం బుర్రకెక్కుతుంది.

సెలవుల్లో జిల్లా కోర్టుకెళ్లి సెషన్స్ కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్ వినమనండి. వెనక బెంచీలో కూర్చోవచ్చు, ఫోన్ మాత్రం ఆపేయాలి. అత్యాచారం, పోక్సో కేసుల విచారణ మూసిన గదిలో జరుగుతుంది, వాటికి రానివ్వరు.