ఎకోలో 36, ఎంఆర్‌ఐలో 25: ఏది నమ్మాలి?

గాజువాక మిత్రులకు నమస్కారం. మీ అబ్బాయి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఇరుకైన చోట రక్త పీడనంలో తేడా ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) 36, ఎంఆర్‌ఐలో 25 (బీపీ లెక్కలోనే, మి.మీ. పాదరసం) వచ్చిందని, ఏ రిపోర్టు తప్పని అడిగారు. రెండూ సరైనవే కావచ్చు.

ఎకో అయినా ఎంఆర్‌ఐ అయినా రక్తపోటును నేరుగా కొలవదండి, రక్తం వేగాన్ని కొలుస్తుంది. గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు ఎగజిమ్మినట్టే ఇరుకులో రక్తం వేగం పుంజుకుంటుంది. ఆ వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే ఇరుకుకు అటూ ఇటూ ఉన్న పీడనం తేడా వస్తుంది. సెకనుకు 3 మీటర్లయితే 36, రెండున్నర అయితే 25. అర మీటరు తేడా కాస్తా 11 అయి కూర్చుంది!

ఎంఆర్‌ఐ తక్కువ చూపడం కొత్తేమీ కాదు. ఇరుకు కొన్ని మిల్లీమీటర్లే ఉంటే, నడుమ దూసుకుపోయే రక్తమూ గోడ పక్కన మెల్లగా సాగేదీ ఒకే చిత్రబిందువులో కలిసి సగటైపోతాయి. సుడులున్న చోట సంకేతమే చెదురుతుంది. ఎకోది ఎదురు వరస. ఇరుకు దాటాక పీడనం కొంత తిరిగి పుంజుకోవడాన్ని అది పట్టించుకోదు, అందుకే తరచూ క్యాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) కొలత కన్నా ఎక్కువ చెబుతుంది.

విశాఖ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆస్పత్రిలో) గానీ మరెక్కడ గానీ కార్డియాలజిస్టును కలిసేటప్పుడు రిపోర్టుతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. యంత్రంలో వేగం పరిమితి ఎంత పెట్టారో అడగండి. అసలు వేగం దాన్ని మించితే ముందుకు పోయే రక్తం వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. కుడి చేతి బీపీ, కాలి బీపీ ఒకే పూట చూపించండి. చేతిలో 20కి మించి ఎక్కువుంటే చికిత్స సంగతి వెంటనే మాట్లాడాలి. సందేహం మిగిలితే క్యాథెటర్‌తో నేరుగా కొలుస్తారు.