ఊరి పందిట్లో ఆర్కెస్ట్రాకి 5 కేవీఏ జనరేటర్ సరిపోతుందా?

చిన్న ఆర్కెస్ట్రాకి, సౌండ్ ఒక్కదానికే అయితే, సాధారణంగా సరిపోతుంది. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు కూడా దానిమీదే పెడతామంటే మాత్రం వద్దు.

5 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా పనికొచ్చే పవర్ వంతు) 4 కిలోవాట్లు. యాంప్లిఫయర్ మీద 4000 వాట్లు అని రాసి ఉందని భయపడక్కర్లేదు. పాటలో సగటున లాగే కరెంటు అందులో చిన్న భాగమే. అసలు చిక్కు డప్పు దెబ్బ పడ్డప్పుడు వస్తుంది. ఆ క్షణంలో లోడు ఒక్కసారిగా పెరిగి, బక్క జనరేటర్‌లో వోల్టేజీ పడిపోతుంది. యాంప్లిఫయర్లు తట్టుకుంటాయి గానీ, మైకుల, వాయిద్యాల సౌండ్‌ని కలిపే డిజిటల్ మిక్సర్ రీస్టార్ట్ అయితే పాట మధ్యలోనే అంతా నిశ్శబ్దం. అందుకే మిక్సర్‌కి ఒక ఆన్‌లైన్ యూపీఎస్ (బయటి వోల్టేజీ పడినా క్షణం కూడా తెగకుండా కరెంటు ఇచ్చే రకం) పెట్టండి. ఇన్వర్టర్ జనరేటర్ (కరెంటును ఎలక్ట్రానిక్స్‌తో సరిచేసి ఇచ్చే జనరేటర్) దొరికితే ఇంకా మంచిది, వోల్టేజీ నిలకడగా ఉంటుంది, మోత కూడా తక్కువ.

జనరేటర్‌ని ఎలాగూ దూరంగానే పెడతారు కాబట్టి వైరు మందం చూసుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 50 మీటర్లు లాగి 16 ఆంపియర్లు వాడితే దాదాపు 14 వోల్టులు దారిలోనే పోతాయి.

స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోందని ఎర్త్ పిన్ పీకేసే అలవాటు చాలామందికి ఉంది. మైకు పట్టుకునేవాళ్ళకి అది ప్రాణాంతకం. ముందు స్టేజీ సామానంతటికీ ఒకేచోట నుంచి కరెంటు ఇచ్చి చూడండి, చాలాసార్లు హమ్ అక్కడే తగ్గిపోతుంది.