మహమ్మారి వస్తే నగర రూపం, ఇళ్ల అద్దెలు మారతాయా?

తప్పకుండా మారతాయి. అందుకు బొంబాయే సాక్ష్యం. 1896లో అక్కడ ప్లేగు సోకగానే లక్షల మంది ఊరు విడిచి వెళ్లారు. 1898లో ప్రభుత్వం నగరాభివృద్ధి ట్రస్టును ఏర్పాటు చేసింది. గాలి, వెలుతురు లేని ఇరుకు ఇళ్లే రోగానికి మూలమని అప్పటి అధికారుల నమ్మకం (నిజానికి దాన్ని మోసుకొచ్చింది ఎలుకలపై బతికే చిన్న పురుగులు). అందుకే పాత పేటలను కూల్చి, సముద్రపు గాలి లోపలికి వీచేలా ప్రిన్సెస్ వీధి వంటి వెడల్పాటి రోడ్లు వేశారు. ఉత్తరాన దాదర్, మాటుంగాలలో కొత్త కాలనీలు వెలిశాయి. బెంగళూరులోని మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలూ ఆ ప్లేగు రోజులవే.

నన్ను కలచివేసేది మాత్రం ఒకటుంది. కూల్చినన్ని ఇళ్లు పేదలకు తిరిగి కట్టలేదు. మిగిలిన గదుల్లోనే మరింత కిక్కిరిసి బతకవలసి వచ్చింది వాళ్లకే.